జోడు కొంగల దావా

మొన్న వానలు పడే ముందు మా బావతో కలిసి సంగారెడ్డిలో ఒక విత్తనాల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు సంచి మూతి విప్పి గుప్పెడు మక్కజొన్న విత్తనాలు నా అరచేతిలో పోశాడు. మందు పట్టించిన విత్తనాలు. గులాబీ రంగు పొడి వేళ్లకు అంటుకుంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నేను ఆ దుకాణంలో లేను. కోర్టు వెనక ఒక పాత ఇంటి ముందు గదిలో, శకుంతల గారి బల్ల ముందు నిలబడి ఉన్నాను. ఆ బల్ల మీద ఇలాంటి సంచే ఒకటి విప్పి ఉంది. "ఏందిరా, గట్ల నిలవడ్డవ్?" అని బావ భుజం తట్టాడు. "ఏం లేదు బావా, మా మేడం యాదికొచ్చిన్రు" అన్నాను. "ఏ మేడం?" అన్నాడు. ఆయనకు ఆమె తెలియదు. ఇది చదివేవాళ్లకూ తెలియదు. కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి.

శకుంతల గారిది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. పటాన్‌చెరు దగ్గరి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో భర్తకు ఉద్యోగం రావడంతో ఇటు వచ్చారు. పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలుపెట్టాక, నలభై ఏళ్లు దగ్గర పడుతుండగా లా చదివి, సంగారెడ్డి కోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు. నేను ఆమె దగ్గర జూనియర్‌గా చేరేనాటికి యాభై దాటారు. అవి తొంభైల చివరి సంవత్సరాలు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, భుజానికి ఎప్పుడూ బరువుగా వేలాడే గుడ్డ సంచి. రోజూ కర్మాగారం క్వార్టర్స్ నుంచి బస్సులో వచ్చి బస్సులో వెళ్లేవారు. ఇరవై ఏళ్లు ఇక్కడ ఉండి "జెర ఆగండి" అనడం నేర్చుకున్నారు కానీ, ఆ 'జెర' కూడా కృష్ణా జిల్లా యాసలోనే పలికేది. పల్లెల నుంచి వచ్చిన కక్షిదారులు నవ్వితే ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేవారు.

నాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతల ఒక ఊరు. మా ఇంట్లో నల్ల కోటు వేసుకున్న మొదటివాణ్ని నేనే. ఇంగ్లీషు అంటే భయం, ఆ భయాన్ని దాచుకోవడానికి పెద్ద పెద్ద మాటలు వాడే అలవాటు. మొదటి రోజు ఆమె నా చేతిలో ఒక పాత అమ్మకం దస్తావేజు పెట్టి ఇందులో ఏముందో చెప్పమన్నారు. సర్వే నెంబరు, హద్దులు, షరతులు గడగడా అప్పజెప్పాను. అంతా విని, "అది కాగితంలో ఉంది. దీన్ని రాయించిన మనిషికి ఏం కావాలి?" అన్నారు. నేను మళ్లీ కాగితంలోకి చూశాను. "తెలియకపోతే ఫరవాలేదు. తెలిసినట్టు మాత్రం రాయకు" అన్నారు. ఆ మాటను అప్పుడు చెవిన వేసుకున్నానే తప్ప మనసులో పెట్టుకోలేదు.

పటాన్‌చెరులో బావి మోటర్లు తయారుచేసే ఒక కంపెనీ పనులు ఆమె చూసేవారు. దాని గుర్తు జోడు కొంగలు. నీలం వలయంలో ఒక నీటిబొట్టు, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడ్డ రెండు తెల్ల కొంగలు. మా వైపు రైతుల్లో చాలామందికి కంపెనీ పేరు తెలియదు. దుకాణానికి పోయి "కొంగల మోటరు ఇయ్యి" అంటారు, అంతే. మా నాన్న కూడా అట్లాగే కొన్నాడు. కంపెనీ మేనేజరు మూర్తి గారికి ఆ కొంగలంటే కన్నబిడ్డలతో సమానం. ఒకసారి ఆయన పరుగున వచ్చి, కాజీపల్లి దారిలో చెరువు పక్కన ఒక హోటలువాడు గోడ మీద కొంగలు వేయించుకున్నాడని, వెంటనే నోటీసు పంపాలని పట్టుబట్టారు.

"ఇవాళ టీ కొట్టు, రేపు ఇంకొకటి. చూస్తూ ఊరుకుంటే మన గుర్తు అందరిదీ అయిపోతుంది మేడం" అన్నారాయన.

"మీ భయం నిజమైనదే. అయినా ఒకసారి చూసొస్తాం" అన్నారు శకుంతల గారు.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలిన వేళ, హోటలు నిండా బీహారు, ఒడిశా కూలీలు. గోడ మీద కొంగలు రెండు కాదు, నాలుగు. ఒకదాని ముక్కున చేప. ఆమె టీ తాగుతూ హోటలాయన్ని అడిగారు, ఆ బొమ్మ ఎవరు వేశారని. "మా బిడ్డ ఏసిందమ్మా. చెర్వుల రోజు దిగుతయి గద, జూసుకుంట ఏసింది" అన్నాడతను మురిసిపోతూ. ఆ సాయంత్రమే ఆమె మూర్తి గారికి ఫోన్ చేసి, "కొంగలు మనవి కావండీ. నీటిబొట్టుకు అటూ ఇటూ అట్లా నిలబడ్డ రెండు కొంగలు, అంతవరకే మనవి" అని చెప్పారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాకు చెప్పిన మాటలు ఇంకా గుర్తున్నాయి. "రిజిస్టరులో ఎక్కినంత మాత్రాన ఏ గుర్తూ ప్రసిద్ధమైపోదు మల్లేశం. ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు దాన్ని మనసులో పెట్టుకుంటే అప్పుడవుతుంది. అలాంటి గుర్తును ఇంకొకడు వేరే సరుకు మీద వేసుకున్నా తప్పే అంటుంది రాబోయే కొత్త చట్టం, ఎందుకంటే వాడు తీసుకునేది బొమ్మను కాదు, ఆ నమ్మకాన్ని. కానీ నమ్మకం ఉందని కోర్టులో చూపించాలంటే వెళ్లి మనుషుల్ని అడగాల్సిందే. వేరే దారి లేదు."

కొత్త ట్రేడ్‌మార్క్ చట్టం అమల్లోకి వచ్చిన కొత్తల్లో మూర్తి గారు ఒక సంచి మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టారు. మక్క విత్తనాల సంచి. నీలం వలయం, నీటిబొట్టు, రెండు కొంగలు. గీతలో గీత, రంగులో రంగు. కాజీపల్లిలో ఒక షెడ్డులో సంచులు నింపి చుట్టుపక్కల ఊళ్లకు పంపుతున్నారు. ఆమె సంచి విప్పి విత్తనాలు చేతిలోకి తీసుకుని చూశారు. ఆ వాసన గదిలో రెండు మూడు రోజులు పోలేదు. మా ఊరి వైపు ఆ విత్తనాలు వేసిన చేలల్లో సగం మొలవలేదని నాకు అప్పటికే తెలుసు.

దావా వేశాం. అవతలి లాయరు వాదన సూటిగా ఉంది: మోటర్లు వేరు, విత్తనాలు వేరు. మోటర్ల గుర్తుకు విత్తనాల మీద హక్కేమిటి? జవాబు కొత్త చట్టంలో ఉంది. కానీ ఈ ప్రాంతపు రైతులు ఆ కొంగల్ని చూస్తే మోటరు కంపెనీనే తలుచుకుంటారని మేము చూపించాలి. ఆమె కొంగల బొమ్మను ఒక అట్ట మీద అంటించి నాకిచ్చారు. దాని మీద ఒక్క అక్షరం లేదు. "ఇది చూపించి, ఎక్కడైనా చూశారా అని మాత్రం అడుగు. వాళ్లు ఏమంటే అదే రాయి. నీ భాషలోకి మార్చకు. తర్వాత ఇక్కడికి పిలిపించి, చదివి వినిపించి, వేలిముద్రలు తీసుకుందాం" అన్నారు.

మొదటి రోజు ఆమె చెప్పినట్టే చేశాను. ఎర్రటి ఎండలో చేను చేనుకూ తిరిగాను. కొందరు "మోటరు" అన్నారు. కొందరు "కొంగలు గద సారూ" అని నా వైపు జాలిగా చూశారు. ఒకాయన ఎలక్షన్ గుర్తా అని అడిగాడు. సాయంత్రానికి నా చేతిలో ఉన్న కాగితాలు చూస్తే దావా గెలిచేలా కనిపించలేదు. మా కోర్టులో ఈ కొత్త చట్టం కింద ఇలాంటి వ్యాజ్యం అదే మొదటిది. బార్ రూములో అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. అవతలివాళ్లు బొమ్మను దొంగిలించారన్నది కళ్లకు కనిపిస్తున్న సంగతి. అలాంటప్పుడు రైతు నోటి నుంచి ఆ మాట ఏ వరుసలో వస్తే ఏమిటి అనిపించింది.

రెండో రోజు నేను ఏ చేనుకూ పోలేదు. టైపు చేసేవాడి పక్కన కూర్చుని, ఒకే వాక్యాన్ని అన్ని అఫిడవిట్లలోనూ చెప్పి కొట్టించాను: 'సదరు గుర్తును చూడగానే అది మోటరు కంపెనీ వారి నాణ్యమైన సరుకని విశ్వసించి విత్తనములు కొనుగోలు చేసితిని.' తర్వాత తెలిసిన ఊళ్లలో కబురు చెప్పి, వాళ్లను ఆఫీసుకు రప్పించి వేలిముద్రలు వేయించాను. వాళ్లలో మా పక్క ఊరి బాలయ్య ఒకడు. అతని చేను మొత్తం పోయింది, కాబట్టి గట్టి సాక్షి అనుకున్నాను. ప్రతి కాగితం కిందా 'చదివి వినిపించాను, అర్థమైనదని చెప్పారు' అని రాసి నేనే సంతకం పెట్టాను. ఒక్కటీ చదవలేదు. అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనిపించలేదు. నలిగిన నిజాన్ని ఇస్త్రీ చేస్తున్నాననుకున్నాను. మేడం ఆ వారం ఒక బంధువుల పెళ్లికి ఊరెళ్లారు. వచ్చేసరికి అఫిడవిట్లన్నీ కోర్టులో దాఖలై ఉన్నాయి.

అవతలి లాయరు తెలివైనవాడు. అన్ని కాగితాల్లోనూ ఒకే వాక్యం చూసి, బాలయ్యను బోనులో నిలబెట్టి ప్రశ్నించడానికి అనుమతి అడిగాడు. జడ్జి గారు ఒప్పుకున్నారు. విచారణకు ముందు బాలయ్యను ఒకసారి కలవాలన్నారు మేడం. సాక్షికి పాఠం చెప్పడానికి కాదు, చేను చూడటానికి అన్నారు. వద్దనడానికి సాకు దొరకలేదు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర బస్సు దిగి నడిచాం. బాలయ్య చేను పళ్లూడిన నోరులా ఉంది. సాలు సాలుకూ ఖాళీలు. మేడం గట్టు మీద కూర్చుని, ఆ కబురూ ఈ కబురూ అడిగి, చివరకు అన్నారు, "సంచి మీద కొంగలు చూసే కొన్నారా బాలయ్య గారూ?"

"కొంగలా? నేనేడ జూసినమ్మా. దుకాణం మా మ్యానల్లునిది. మా ఇంటిది తెమ్మన్న సంచి అడిగిన, ఇచ్చిండు, తెచ్చిన. నాకు సదువు రాదు, బొమ్మలు గూడ సక్కగ అవుపడయి."

ఆమె సంచిలోంచి అఫిడవిట్ నకలు తీసి, మెల్లగా, మాట మాటగా చదివారు. బాలయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. "గట్ల నేనెప్పుడన్ననమ్మా?" అని నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "మల్లేశం సారు ఏలు వెట్టుమన్నడు. మన దిక్కు పిలగాడు, సదువుకున్నోడు, మన మంచికే రాసి ఉంటడని వెట్టిన."

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చున్నారు. అఫిడవిట్ నకలు మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"ఎన్ని?" అన్నారు చివరికి.

"ఏంది మేడం?"

"నువ్వు అల్లినవి ఎన్ని?"

"మొదటి రోజువి తప్ప అన్నీ" అన్నాను. తర్వాత ఉండబట్టలేక, "కని వాళ్లు బొమ్మ కొట్టేసింది నిజమే గద మేడం" అన్నాను.

ఆమె నా వైపు తిరిగారు. "వాళ్లేం చేశారు మల్లేశం? జనానికి ఒక గుర్తు మీద ఉన్న నమ్మకాన్ని తీసుకుని తమ సంచి మీద అచ్చేసుకున్నారు. బాలయ్యకు నీ మీద ఉన్న నమ్మకాన్ని నువ్వేం చేశావు?"

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగారు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్నేమో.

మర్నాడు మూర్తి గారు ఆఫీసులో ఆమెతో వాదించారు. "బాలయ్య కాగితం ఒక్కటి వెనక్కి తీసుకుందాం. మిగతావి ఉండనివ్వండి. ఎవరికి తెలుస్తుంది మేడం?"

"నాకు తెలుసు కదండీ" అన్నారామె.

ఆ రోజు కోర్టు హాలు నిండా జనం. ఆమె లేచి నిలబడి, "నా ఆఫీసులో తయారైన ఈ అఫిడవిట్లు సాక్షులకు చదివి వినిపించినవి కావు. వీటి మీద నేను ఆధారపడను. ఇందులో తప్పు నాది" అని చెప్పి, నిజమైన సాక్ష్యం తేవడానికి గడువు అడిగారు. అవతలి లాయరు నవ్వు దాచుకోలేదు. జడ్జి గారు కళ్లద్దాల పైనుంచి ఆమెను చూసి, గడువిచ్చారు. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. నా పేరు ఆమె నోట రాలేదు. వచ్చి ఉంటే బాగుండునని ఆ క్షణంలో నిజంగా కోరుకున్నాను.

నన్ను ఆఫీసు నుంచి పంపేస్తారనుకున్నాను. మరుసటి ఉదయం ఆమె అట్ట బొమ్మను నా చేతికిచ్చి, "పద" అన్నారు. ఈసారి తానూ వచ్చారు. ఎవరింటికి పోయినా ముందు నేను, కాగితంలో తప్పు రాసినందుకు క్షమించమని అడగాలి. ఆ తర్వాతే ప్రశ్న. "మోటరు" అన్నవాళ్లవి రాశాం. "చెరువు కొంగలు" అన్నవాళ్లవీ రాశాం. ఏమీ తెలియదన్నవాళ్లవి కూడా. అవెందుకు మేడం అంటే, అవి లేకపోతే మిగతావి ఎవరు నమ్ముతారని అడిగారు.

మూడో రోజు బాలయ్య ఇంటి ముందు ఆగాం. అతనికి క్షమాపణ చెప్పుకోవడానికే వెళ్లాం. ఇంకో సాక్షి దొరుకుతుందని కాదు. బాలయ్య భార్య పోచమ్మ గడ్డిమోపు దింపి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా చేతిలో అట్ట చూసి, అడగకముందే అన్నది, "గివి మన బాయి మోటరు కొంగలే గద. గా ఇత్తనాల సంచి మీద గూడ గివే ఉన్నయి."

మేడం నా వైపు చూశారు. రాయమన్నట్టు. నేను కలం తీశాను.

"నేనే గద జెప్పిన, కొంగలది తెమ్మని" అన్నది పోచమ్మ, భర్త వైపు తిరిగి. "నీ మ్యానల్లుని దుకాణంల రెండు తీర్ల సంచులున్నయంటే, ఏది తేవాలె అని నువ్వు నన్నడుగలే? నేను గా దారిల పోతుంటె దుకాణంల జూసిన. పెండ్లయి వచ్చిన కాడికెంచి గా మోటరు ఒక్కనాడు సతాయించలే. గసొంటి కంపెనోల్లు ఇత్తనాలు గూడ మంచియే జేస్తరనుకున్న." ఆమె అరుగు మీద కూలబడింది. "నేనే తెమ్మన్న. నేనే చేను వాడుజేసిన. ఎవ్వలకు జెప్పుకోవాలె? బువ్వ గూడ సయిస్తలేదు."

ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి, ఆమె ఆ బరువు మోస్తున్నట్టు బాలయ్యకు తెలియదు. మేడం ఆమె పక్కన అరుగు మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. "తప్పు నీది కాదమ్మా. నువ్వు నమ్మావు. నువ్వు నమ్ముతావనే వాళ్లు ఆ బొమ్మ వేశారు." మా దావాలో నేను పేజీల కొద్దీ రాసింది ఆ రెండు ముక్కలే. నా రాతలో అది వాదన. ఆ అరుగు మీద అది ఓదార్పు.

నేను ఆ ఇంటికి ముందు కూడా వచ్చాను. బాలయ్యను పిలిచి, వేలిముద్రకు కబురు చెప్పి వెళ్లిపోయాను. పోచమ్మ అప్పుడు కూడా వాకిట్లోనే ఉంది. ఆమెను అడగాలని నాకు తోచలేదు.

ఈసారి పోచమ్మను బోనులో ప్రశ్నించారు. "మోటర్లు చేసేవాళ్లు విత్తనాలు చేస్తారా అమ్మా?" అని అవతలి లాయరు కొంచెం వెటకారంగా అడిగాడు.

"నాకేమెరుక సారూ? ఎవ్వలు ఏం జేస్తరో మాకు జెప్పి జేస్తరా? నాకు కొంగలెరుక" అన్నది పోచమ్మ.

హాలులో నవ్వులు. జడ్జి గారు మాత్రం నవ్వకుండా ఆ మాట రాసుకున్నారు. తర్వాత వచ్చిన ఉత్తర్వులో దాన్ని యథాతథంగా ఎత్తి రాశారు. దావా తేలేదాకా ఆ గుర్తుతో విత్తనాలు అమ్మకూడదన్నారు. అచ్చువేసిన సంచులకు సీలు వేయించారు. కొన్నాళ్లకు కాజీపల్లి షెడ్డు మూతబడింది.

బార్ రూములో మిఠాయి పంచారు. మేడం ఒక ముక్క తీసుకుని పక్కన పెట్టారు. "కొంగలకు న్యాయం జరిగింది. పోచమ్మ చేనికి జరగలేదు" అన్నారు. ఆ చట్టం గుర్తును కాపాడుతుంది, మొలవని విత్తనం సంగతి దానికి పట్టదు. ఆ వారమే వినియోగదారుల ఫోరంలో పోచమ్మ పేరున ఫిర్యాదు తయారుచేసి, నడిపే పని నాకప్పగించారు. ఏళ్లు పట్టింది. వచ్చిన పరిహారం పోయిన పంటకు సరిపోలేదు. అయినా ఆ తీర్పు కాగితం చదివి వినిపించిన రోజు పోచమ్మ నాకు పెరుగన్నం పెట్టింది.

మూర్తి గారి కంపెనీ తన పనులన్నీ హైదరాబాదులో ఇంకొక ఆఫీసుకు మార్చుకుంది. కోర్టులో తప్పు నాదే అని ఒప్పుకునే లాయరు వాళ్లకు అక్కర్లేకపోయింది. ఆమె ఫైళ్లన్నీ వరసగా కట్టి, పైన జాబితా రాసి, మూర్తి గారితో టీ తాగి పంపించారు. నాకే కడుపు మండింది. నా వల్లే కదా అని అన్నాను. "నీ వల్లే. మళ్లీ రాయకు, చాలు" అన్నారు. ఆ సంగతి ఎత్తడం అదే ఆఖరు.

చివరి సంవత్సరాల్లో ఆమెకు చూపు తగ్గింది. కోర్టుకు రావడం మానేశారు. ఆదివారాలు వెళ్లి పేపరు చదివి వినిపించేవాణ్ని. నేను తొందరపడి ఒక వాక్యం దాటేస్తే ఎట్లా పసిగట్టేవారో, "అక్కడ ఏదో వదిలావు" అనేవారు. ఆమె పోయినప్పుడు పోచమ్మ, బాలయ్య ఇద్దరూ బస్సు మారి ఆమె ఇంటి దాకా వచ్చారు. దారి అడుక్కుంటూ వచ్చారట. ఎవరు కావాలి అని గేటు దగ్గర అడిగితే, "మా లాయరమ్మ" అన్నారట.

ఇప్పుడు నా ఆఫీసులో నాకు జూనియర్లున్నారు. వేలిముద్ర పడే ఏ కాగితమైనా నేనే చదువుతాను, నిదానంగా, మనిషి ముఖం చూస్తూ. పని ఆలస్యమవుతోందని జూనియర్లు విసుక్కుంటారు. పోయిన నెల ఒక రిటైరైన ఫ్యాక్టరీ కార్మికుడి అఫిడవిట్ చదువుతున్నాను. మూడో పంక్తి దగ్గర ఆయన చెయ్యి కొంచెం లేచి, మళ్లీ ఒళ్లోకి దిగింది. నేను చదవడం ఆపాను.

"ఏం లేదు సారూ, మీరు సదువుండ్రి" అన్నాడు.

"లేదు, జెప్పుండ్రి."

"అంటే... గట్ల అనలే నేను."

కలం మూత తీసి, ఆ పంక్తి కొట్టేసి, కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను. "ఎట్లన్నరు? మళ్లొకసారి జెప్పుండ్రి" అన్నాను.